గండికోటలో ముందు చూడాల్సింది లోయ కాదు

కడప జిల్లా జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. కారు కోట గుమ్మంలోంచి దూరి, ఊరి మధ్యగా పోయి, జామా మసీదు దగ్గర ఆగుతుంది. దిగినవాళ్ళు దిగినట్టే బండల వైపు నడుస్తారు. పెన్నా లోయ అంచున ఫొటోలు దిగుతారు. వెనక్కి వస్తూ మసీదు ముందొకటి, గుడి గోపురం ముందొకటి. గంటన్నరలో బండి మళ్ళీ జమ్మలమడుగు దారిలో ఉంటుంది. వారాంతాల్లో గండికోట చూసి రావడమంటే ఎక్కువమందికి ఇంతే.

లోయను చూడొద్దని కాదు. ఎర్రమల కొండలను పెన్నా నిలువునా కోసుకుపోయిన తీరు చూస్తే ఎవరి కాళ్ళైనా ఆగిపోతాయి. నేను అనేదల్లా ఒకటే: కోట కథలో లోయ వైపు ఏమీ జరగలేదు. జరిగిందంతా దానికి అవతలి పక్కన, మనం కారు అద్దం కూడా దించకుండా దాటేసే గుమ్మం దగ్గర జరిగింది. కోట గెలిచినా ఓడినా అక్కడే. అందుకే ముందు గుమ్మం చూడాలి, లోయ ఆఖరికి రావాలి. అలా చూస్తే లోయ కూడా మరోలా కనబడుతుంది.

1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తరఫున మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. అప్పటిదాకా ఇది పెమ్మసాని నాయకులది. ఓడిపోయింది పెమ్మసాని చినతిమ్మానాయుడు. రెండేళ్ళకు, 1652లో, ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే మీర్ జుమ్లాను కలవడానికి గండికోట ఎక్కాడు. అతను రాసిపెట్టుకున్న వివరాలు ఇప్పటికీ ఈ కోటకు మంచి దారిచూపు. పైకి రావడానికి ఒక్కటే దారి, కొండను తొలిచి వేసింది. వెడల్పు 20, 25 అడుగులు, కొన్ని చోట్ల 7, 8 అడుగులే. దారి పక్కనే అగాధం, దాని అడుగున నది. ఎక్కాక చిన్న మైదానం, అందులో వరి, చిరుధాన్యాలు, వాటిని తడిపే ఊటలు. పట్టణం కొండ కొసన ఉంది, చుట్టూ నిట్టనిలువు చరియలే. మైదానం వైపు మాత్రం ఒక గుమ్మం, దాని ముందు చెక్కిన రాతితో మూడు గోడలు, వాటి కింద కందకాలు. ముట్టడిలో కోటవాళ్ళు కాపలా కాయాల్సింది 400, 500 అంగల మేర మాత్రమే అంటాడు.

ఆ 400, 500 అంగలే గండికోట. కోట చుట్టుకొలత సుమారు 8 కిలోమీటర్లు. అంత చుట్టుకొలతలో మనిషి కాపలా కావాల్సింది అరకిలోమీటరు కూడా లేదు. మిగతాదంతా కొండచరియే చూసుకుంటుంది. అయినా కోట పడింది. తావెర్నియే చెప్పిన ప్రకారం కోటలో రెండే ఇనుప ఫిరంగులు ఉన్నాయి. ఒకటి 12 పౌన్ల గుండు వేసేది, రెండోది 7, 8 పౌన్లది. కింద నుంచి కొడితే లాభం లేదని మీర్ జుమ్లాకు అర్థమయ్యాక తన ఫిరంగులను ఆ ఇరుకు దారిలో పైకి లాగించాడు. అతని దగ్గర కొలువులో ఉన్న యూరపు గోలందాజులకు, అంటే ఫిరంగులు పేల్చేవాళ్ళకు, మామూలు జీతం మీద నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడు. వాళ్ళు నాలుగు ఫిరంగులు మైదానం మీదికి చేర్చారు, కోటలోని ఫిరంగి ఒకదాన్ని పనికిరాకుండా కొట్టారు, గుమ్మాన్ని సగం కూల్చారు. అక్కడితో లోపలివాళ్ళు లొంగిపోయారు.

లోయ తన పని తాను చేసింది. ఆ పక్క నుంచి ఒక్కడూ రాలేదు. మనుషులు కాయాల్సిన ఆ కాస్త మేరలో, కొండ మీదికి ఎవరూ తేలేరనుకున్న బరువును శత్రువు తెచ్చాడు.

ఇక నడక. బండిని గుమ్మానికి బయటే, ఊరివాళ్ళ రాకపోకలకు అడ్డం లేకుండా ఆపండి. లోపలికి వెళ్ళకుండా వీపు గుమ్మానికి పెట్టి నిలబడి బయటికి చూడండి. కాపలావాడు చూసింది ఇదే. తర్వాత ఒక 400 అంగలు బయటికి నడిచి, వెనక్కి తిరిగి కోటను చూడండి. దాడికి వచ్చినవాడు చూసింది అది. ఈ రెండు చూపులకూ కలిపి పావుగంట చాలు. దారిలో కూలిన రాళ్ళ వరసలు, పూడిన పల్లాలు తగిలితే ఆగండి, కందకాలు కాలంతో పూడేది అలాగే.

గుమ్మం తలుపులను తొందరపడకుండా చూడాలి. దళసరి చెక్క, దాని మీద ఇనప రేకులు, రేకుల మీద మేకుల్లా పొడుచుకొచ్చిన ఇనప ముళ్ళు. అవి అలంకారానికి పెట్టినవి కావు. తలుపును కుమ్మడానికి ఏనుగును తోలేవాళ్ళు, నుదురు ఆనించి తోయకుండా ఈ ముళ్ళు. తలుపు దాటగానే దారి నేరుగా పోదు, మలుపు తిరుగుతుంది. ఏనుగుకైనా దూలం మోసుకొచ్చే మనుషులకైనా బలం పరుగులో ఉంటుంది, మలుపులో ఆ పరుగు పోతుంది. ఆగి తిరిగేలోగా పైన రెండు పక్కల గోడల మీద ఉన్నవాళ్ళకు దొరికిపోతారు. ఇప్పుడు అదే మలుపులో ఎదురెదురుగా వచ్చిన రెండు కార్లు ఇరుక్కుని హారన్లు కొట్టుకుంటుంటాయి. గుమ్మం కట్టినవాడి లెక్క నేటికీ తప్పలేదు.

గోడ రాతిని దగ్గరికెళ్ళి చూడండి. చాలాచోట్ల దీన్ని ఎర్ర గ్రానైటని రాస్తుంటారు, అది తప్పు. ఇది క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక, ఒత్తిడికి గట్టిపడి రాయైంది. భూగర్భ శాస్త్రంలో ఈ రాతి వరసకు పేరే గండికోట క్వార్ట్‌జైట్, కడప శిలాసమూహంలో భాగం, వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాట. గ్రానైటుకు పొరలుండవు. ఇది పొరలు పొరలుగా, పలకలుగా విడుస్తుంది. కోట కట్టినవాళ్ళకు అదే కలిసొచ్చింది. పొర వెంట విడిచిన రాయికి పైనా కిందా చదును ముందే ఉంటుంది, ఉలి పని పక్కలకు మాత్రమే. గోడలో రాళ్ళ వరసలు, లోయ చరియలో రాతి పొరలు ఒకే రంగు, ఒకే తీరు. కొన్ని బురుజుల దగ్గర కొండ ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో దూరం నుంచి చెప్పడం కష్టం. కొన్ని పలకల మీద సన్నటి అలల గుర్తులు కూడా ఉంటాయి, ఏటి ఒడ్డున తడి ఇసుక మీద నీళ్ళు గీసిన గీతల్లాగే. ఏటవాలు ఎండలో అవి బాగా తేలతాయి, మిట్టమధ్యాహ్నం కనబడవు.

ఈ రాతి సంగతి తెలిస్తే ‘ఇండియన్ గ్రాండ్ క్యాన్యన్’ అనే పిలుపు ఎందుకు నచ్చదో కూడా చెప్పగలను. అమెరికాలో కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు కిలోమీటరున్నరకు పైన. గండికోట దగ్గర లోతు సుమారు 300 అడుగులు, వెడల్పూ చాలాచోట్ల దానికి అటూ ఇటూ. ఆ పేరు విని వచ్చినవాళ్ళు ఇంతేనా అనుకుంటారు. మనకు సొంత మాట ఉంది: గండి. చెరువుకట్ట తెగితే గండి పడిందంటాం. కొండను నది తెంచుకుపోయినా గండే. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చే చోటును కూడా గండి అనే పిలుస్తారు, అక్కడి ఆంజనేయస్వామిది గండి క్షేత్రం. గండి అంటేనే ఇరుకు. ఆ ఇరుకే ఇక్కడి అందం, కోటకు బలం. లోయ ఫిరంగి గుండును ఆపదు, నడిచివచ్చే మనిషిని ఆపుతుంది. కోటను పట్టుకోవాలంటే మనిషి నడిచి రావాల్సిందే.

గుమ్మం దాటాక ఊరు. ఇక్కడ ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళను అడక్కుండా ఫొటో తీయకండి. దారిలో చిన్న బురుజులాంటి కట్టడం, ఊరివాళ్ళు చార్మినార్ అంటారు. తర్వాత జైలు అని పిలిచే మొండి కట్టడం. ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు. మాధవరాయస్వామి గుడికి మాత్రం ముప్పావుగంట పెట్టుకోండి. విజయనగర శైలి గోపురం, మంటపంలో చెక్కడం పనితో నిండిన స్తంభాలు, ఖాళీ గర్భగుడి. వెలుతురులోంచి వచ్చిన కళ్ళకు లోపల ముందు ఏమీ కనబడదు, రెండు నిమిషాలు నిలబడితే శిల్పాలు ఒక్కొక్కటే తేలతాయి. స్తంభాల మీద పేర్లు గీకేవాళ్ళను చూస్తే ఊరుకోకండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2010లో సవరించిన చట్టం చెబుతోంది.

మీర్ జుమ్లా గుళ్ళలోని లోహ విగ్రహాలను పోగుచేసి ఇక్కడే 20 ఫిరంగులు పోతపోయించబోయాడని, దానికి ఒక ఫ్రెంచివాణ్ణి పెట్టాడని, చివరికి ఒక్క ఫిరంగీ తయారు కాలేదని కూడా తావెర్నియే రాశాడు. రెండు ఫిరంగులున్న కోటను నాలుగు ఫిరంగులతో గెలిచినవాడికి ఆ 20 ఎందుకు కావాల్సొచ్చాయో గుమ్మం చూసి వచ్చినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మసీదు పక్కనున్న ధాన్యాగారం ముందు నిలబడినప్పుడు ఒక చిన్న లెక్క వేసుకోండి. మనిషికి రోజుకు ముప్పావు కిలో గింజలు అనుకుంటే, వెయ్యి మందికి రోజుకు 750 కిలోలు. మూడు నెలల ముట్టడికి 67 టన్నులు దాటుతుంది. గుర్రాలు, ఎద్దుల మేత వేరే. అంత గింజ తడవకూడదు, కాలకూడదు, చెద పట్టకూడదు. అందుకే కప్పుకు చెక్క దూలాలు లేవు, రాతి సున్నపు పనితో కమాను వంచి కట్టారు. మసీదు కమానులు, మినార్లు, కాస్త దూరంలో గుడి గోపురం ఒకే చూపులో పడే చోటు ఇక్కడే ఉంది, ఫొటో తీసేవాళ్ళకు అదొక్కటి చాలు. దగ్గరే రంగనాథస్వామి గుడి, చిన్నదే అయినా వదలకండి.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. కింద అంత నది ఉండగా నీళ్ళకేం కొదవ అనిపిస్తుంది. 300 అడుగుల లోతు నుంచి చేదతో తోడి ఊరంతటినీ బతికించలేరు. కోటను నిలబెట్టింది కోనేళ్ళు, ఊటలు, రాయలచెరువు. క్వార్ట్‌జైట్ తనలో నీళ్ళు పీల్చుకోదు, వాన నీరు పగుళ్ళ వెంట దిగి, పొరల మధ్య నడిచి ఎక్కడో ఒకచోట పైకొస్తుంది. ఆ చోట్లు తెలిసినవాళ్ళకే కొండమీద కోట సాధ్యం. కత్తుల కోనేరు నీళ్ళు ఎర్రగా ఉండటానికి యుద్ధంలో తడిసిన కత్తులు అందులో కడగడమే కారణమని కథ చెబుతారు. వినండి, తర్వాత చుట్టూ ఉన్న ఎర్రమట్టిని కూడా చూడండి. మెట్ల మీద నాచు ఉంటుంది, చివరి మెట్లు దిగకండి.

ఇప్పుడు లోయ. ఇక్కడ జరిగే ప్రమాదాలకు మూలం రాతి స్వభావంలోనే ఉంది. పొరలు అడ్డంగా పోతాయి, పగుళ్ళు నిలువునా దిగుతాయి. రెండూ కలిస్తే అంచున ఉన్న రాయి పెట్టెలాగా విడివడుతుంది. పైకి అది కొండలో భాగంలాగే ఉంటుంది, నిజానికి తన బరువు మీద తాను కూర్చుని ఉంటుంది. కాబట్టి అంచుకు వెళ్ళేముందు మీ ముందుకు కాదు, కాళ్ళ వెనక్కి చూడండి. అంచుకు సమాంతరంగా పగులు మీ వెనక కనబడితే మీరు కొండ మీద లేరు, విడిపోయిన రాయి మీద ఉన్నారు. వెంటనే పగులు దాటి వెనక్కి రండి. పగుల్లో గడ్డి మొలిచి ఉంటే, మట్టి నిండి ఉంటే అది పాతది, లోతైనది అని లెక్క. కొన్ని చోట్ల పై పలక బయటికి చొచ్చుకుని ఉంటుంది, కింద పొర అరిగిపోయి ఉంటుంది. పైన నిలబడినవాడికి ఆ ఖాళీ కనబడదు, పక్క బండ మీది నుంచి చూస్తేనే తెలుస్తుంది.

రెండోది జారుడు. ఈ రాయి అరిగి ఇసుక రాలుతుంది. నున్నటి బండ మీద ఆ ఇసుక గచ్చు మీద ఆవాలు పోసినట్టే. చెప్పులు, అడుగు అరిగిపోయిన బూట్లు పనికిరావు, అడుగున గాళ్ళున్న రబ్బరు ఉండాలి. వాన పడ్డ రోజు బండల మీదికి వెళ్ళనే వద్దు. పిల్లల్ని బండల మొదట్లోనే ఆపేయండి, అక్కడి నుంచి కూడా లోయ నిండుగానే కనబడుతుంది. అంచు వెంట పిట్టగోడలు, కంచెలు ఉంటాయని నమ్ముకుని రాకండి. సెల్ఫీ కర్ర పట్టుకుని వెనక్కి నడవడం, అందరూ ఒకే పలక ఎక్కి గుంపు ఫొటో దిగడం, ఈ రెండూ పూర్తిగా మానాలి. ఫొటోకు అంచు అక్కర్లేదు. మీరు నిలబడేది లోయకు దక్షిణపు గట్టున, ఎదుటి చరియ ఎండకు అభిముఖంగా ఉంటుంది. అంచుకు పది అడుగుల ఇవతల, కాస్త ఎత్తైన బండ మీద కూర్చుని తీస్తే నదీ చరియా రెండూ వస్తాయి.

నీళ్ళలోకి దిగకండి. ఎగువన చిత్రావతి కలిసిన పెన్నాకు గండికోట జలాశయం అడ్డం కట్టారు, 26.85 టీఎంసీల సామర్థ్యం. దిగువన మైలవరం జలాశయం. ఈ రెండింటి మధ్యనున్న నదిలో నీరు ఎంతుండేది వానను బట్టి కాదు, గేట్లను బట్టి. చరియలు నీళ్ళలోకి నిలువుగా దిగుతాయి, పట్టుకోవడానికి ఒడ్డు ఉండదు. ఈత వచ్చినవాళ్ళకూ అదే ఇబ్బంది. గండికోట జలాశయం కింద కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగాయని, ఆ ఊళ్ళవాళ్ళ పొలాలు, ఇళ్ళు ఆ నీటి అడుగున ఉన్నాయని కూడా నీళ్ళను చూసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఎప్పుడు రావాలంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి దాటితే బండలు కాలుతాయి, నీడ దొరకదు. ఒక రాత్రి ఉండేలా రండి. మధ్యాహ్నం మూడింటికి గుమ్మం బయట మొదలుపెడితే నాలుగింటికి గుడి, ఐదింటికి మసీదు, ధాన్యాగారం. డిసెంబరులో పొద్దు ఆరులోపే వాలుతుంది, ఆ వేళకు బండల మొదట్లో ఉండండి, చీకటి పడకముందే వెనక్కి తిరగండి. లోయ అసలు చూపు మర్నాడు ఉదయం ఆరింటి నుంచి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, టార్చి, టోపీ. పెట్రోలు, డబ్బులు, మందులు జమ్మలమడుగులోనే చూసుకోవాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, సెలవు రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి. గుడారం వేసుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: ఈ బండలో మేకు దిగదు. మేకుల్లేకుండా తనంతట నిలబడే గుడారం తెచ్చుకుని, తాళ్ళను రాళ్ళకు కట్టాలి. లోయ గాలి రాత్రి గట్టిగా వీస్తుంది, అంచు దగ్గర వేయకండి. చలికాలంలో గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి మంటలు వద్దు.

రైల్లో వచ్చేవాళ్ళకు గుంతకల్లు–రేణిగుంట లైనులో ముద్దనూరు, ఎర్రగుంట్ల అనుకూలం. నంద్యాల–ఎర్రగుంట్ల లైనులో జమ్మలమడుగుకే స్టేషను ఉంది, కానీ రైళ్ళు తక్కువ. జమ్మలమడుగు నుంచి ఆటో అయితే తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోండి, సాయంత్రం పైన బండి దొరకదు.

2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. డబ్బు వస్తుందంటే అందరి చూపూ లోయ మీదికే పోతుంది, అంచున ఏం కట్టాలి, పైనుంచి ఏం వేలాడదీయాలి అని. నేను అడిగేవి చిన్నవి. గుమ్మం బయట బండ్లు ఆపుకునే చోటు, అక్కడి నుంచి మసీదు దాకా బ్యాటరీ బండి, ముసలివాళ్ళకు అది చాలు. గోడ వెంట నడిచే బాట, దాని మీద రెండు చోట్ల నీడ, తాగునీళ్ళు. లోయ దగ్గర విడిపోయిన రాళ్ళన్నిటినీ భూగర్భ శాస్త్రవేత్తలతో గుర్తింపించి, పగులుకు ఇవతలే రంగు గీత. గుమ్మం ముందు తెలుగులో పెద్ద బోర్డు ఒకటి: 1650లో ఫిరంగులు నిలబెట్టిన మైదానం ఎటుందో బాణం గుర్తుతో, అక్కడికి ఎన్ని అంగలో అంకెతో.